నెమలికి నాట్యం, మనకు చిందులు

దీపావళి సెలవులు అయిపోయి బడి తెరవగానే ఐదో తరగతి పిల్లలకు ఒక పని ఇస్తాను. సెలవుల్లో చూసింది పది వాక్యాల్లో రాయమంటాను. మా బడిలో ఉన్నది గోండు పిల్లలు, కొందరు కొలాం పిల్లలు. దీపావళి అంటే వాళ్లకు దండారి. కాబట్టి ఎవరి నోటుబుక్కు తెరిచినా దండారే ఉంటుంది. పోయినేడు ఒక పాప ఇలా రాసింది: "మా ఊరికి దండారి వచ్చింది. మేము వాళ్ల కాళ్లు కడిగాము. గుస్సాడీలు చిందులు వేశారు. అందరం అన్నం తిన్నాము."

మూడో వాక్యం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది. అందులో తప్పేమీ లేదు. అక్షరాలు సరిగా ఉన్నాయి. కర్తకు క్రియ కుదిరింది. మార్కులు వేసి తిప్పేయొచ్చు. కానీ ఆ పాప ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. వాళ్ల నాన్న గుస్సాడీ వేషం వేసే మనిషి. ఇదిగో, 'వేషం వేసే' అని నేనే రాసేశాను, దాని సంగతి తర్వాత చెప్తాను. గుస్సాడీ అయ్యే మనిషి. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో పడుకోడు, స్నానం చేయడు. ఆయన చేతిలో కర్ర తగిలితే రోగం పోతుందని ఊరు నమ్ముతుంది. ఆయన కూతురే నాన్న చిందులు వేశాడని రాసింది.

"ఈ మాట ఎక్కడ నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగాను. వేలుతో గోడ చూపించింది. బడి గోడ మీద మన పండుగల ఫొటోలు పత్రికల నుంచి కత్తిరించి అంటించింది నేనే. మన బొమ్మలు మన పిల్లలు చూడాలని అంటించాను. బొమ్మల కింద ఏం రాసి ఉందో నేను చదవలేదు, పిల్లలు చదివారు. ఒక జిల్లా పేజీ ముక్కలో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు, మధ్యలో తెల్లచొక్కాతో ఒక అధికారి ఉన్నారు. గుస్సాడీలు చిందులేశారనీ, ఆ అధికారి వారితో కలిసి కాలు కదిపారనీ కింద రాసి ఉంది.

డప్పు ఒక్కటే, వలయం ఒక్కటే, నేల ఒక్కటే. క్రియలు మాత్రం రెండు. ఆ రోజు నుంచి ఈ 'చిందులు వేయడం' గురించి ఆలోచిస్తున్నాను. చదివిన ప్రతిచోటా దాని కింద గీత గీస్తున్నాను. ఇది కోపంతో రాస్తున్నది కాదు. మాట ఎక్కడెక్కడ తిరిగి మన దగ్గరికి వచ్చిందో చూద్దామని రాస్తున్నాను.

తెలుగులో చిందడం అంటే ముందుగా ఒలకడం, చెదరడం. బిందె నిండా నీళ్లు తెస్తుంటే చిందుతాయి. పొంగిన పాలు పొయ్యి చుట్టూ చిందుతాయి. రక్తం చిందుతుంది, చెమట చిందుతుంది. అన్నిటిలో ఉన్నది ఒకటే, పాత్రలో ఉండాల్సింది అదుపు తప్పి బయటపడటం. చిరునవ్వులు చిందించినా అంతే, లోపల పట్టక బయటికి వచ్చిన నవ్వు. ఆటలో చిందుకూ దీనికీ చుట్టరికం ఎంతుందనే సంగతి పక్కన పెట్టినా, వినేవాడి చెవిలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. మనిషి చిందులేశాడు అనగానే కాళ్లూ చేతులూ చెదిరిపోతున్న బొమ్మ ఒకటి కళ్లముందు లేస్తుంది. ఉత్సాహం ఉంటుంది, ఎదుటివాళ్లు చూడాలనే ఆర్భాటం ఉంటుంది, లెక్క మాత్రం ఉండదు.

అయితే ఆ మాట పుట్టుకతోనే చిన్నది కాదు. ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే మనం ఒక అన్యాయాన్ని ఎత్తి చూపుతూ ఇంకొకటి చేసినవాళ్లం అవుతాం. తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతం ఉంది. దాన్నే చిందు యక్షగానం అంటారు. దాన్ని ఆడే కుటుంబాలకు చిందు అనేది కళ పేరు, కులం పేరు, ఇంటిపేరు లాంటిది. మొగోళ్లు, ఆడోళ్లు, పిల్లలు అందరూ కిరీటాలు కట్టి రాత్రంతా ఆడతారు. ఆ కళకే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల నోట చిందు తొక్కడం అంటే తాళం తప్పకుండా కాలు వేయడం. లెక్క లేకపోవడం కాదు, లెక్కే చిందు. కాబట్టి 'చిందు' తక్కువ మాట, మాకు పెట్టకండి అని నేను అనను. అంటే ఆ చిందోళ్లను అవమానించినట్టే.

మరి గౌరవమైన ఆ మాట ఎక్కడ చెడింది? నాకు తోచింది చెప్తాను. చివర 'లు' తగిలిన చోట చెడింది. చిందు కళ, చిందులు వెక్కిరింపు. కోపంతో ఊగిపోయేవాడు చిందులు తొక్కుతాడు. తాగినవాడు రోడ్డు మీద చిందులేస్తాడు. పెత్తనం వచ్చినవాణ్ని చూసి మహా చిందులేస్తున్నాడే అంటారు. ఎక్కడా ఏకవచనం రాదు.

ఇది ఒక్క చిందుకే పట్టిన గతి కాదు. వేషం కడితే కళ, వేషాలు వేస్తే మోసం. కథ చెబితే ఊరు కూర్చుని వింటుంది, కథలు చెబితే అబద్ధం. నాటకం ఆడితే చప్పట్లు, నాటకాలాడితే చీవాట్లు. ఆట మంచిదే, 'నీ ఆటలు సాగవు' అంటే బెదిరింపు. భాగవతం చదివితే పుణ్యం, అదే పల్లెలో గజ్జె కట్టి ఆడేసరికి బాగోతం అయింది, ఇప్పుడు 'నీ బాగోతం బయటపెడతా' అంటే రంకు బయటపెడతా అని. బాగోతానికైతే 'లు' కూడా అక్కర్లేకపోయింది. గంగిరెద్దులాగా తల ఊపకు అంటారు. పిట్టలదొర మాటలు అంటారు. ఎవరు వీళ్లంతా? సెంటు భూమి లేక ఆట మీద, పాట మీద, మాట మీద బతికినవాళ్లు. వాళ్ల పనిముట్ల పేర్లన్నీ తెలుగులో తిట్లయ్యాయి. ఏడ్చే పిల్లాణ్ని 'నీ సంగీతం ఆపు' అంటారు నిజమే, అదీ వెక్కిరింపే, కానీ అది ఏ సంగీత విద్వాంసుడికీ తగలదు. బాగోతం అన్న తిట్టు మాత్రం నేరుగా వెళ్లి బాగోతులకే తగులుతుంది.

అందుకే పైన 'వేషం వేసే మనిషి' అని రాసి ఆగాను. గుస్సాడీది వేషం కాదని మన పెద్దలు అంటారు. ఆ టోపీకి, ఆ వాయిద్యాలకు ముందు పూజ జరుగుతుంది. ఏత్మాసుర్ పేన్‌కు మొక్కకుండా దండారి కదలదు. ఆ పూజ తర్వాత ఆ మనిషిని పేరు పెట్టి పిలవడం తగ్గిపోతుంది. ఇరవై ఏళ్లుగా తెలుగు చెప్పే నా చేతికి మాత్రం 'వేషం' అన్న మాటే ముందు వచ్చింది. భాష ఎంత తొందరగా చేతికి వస్తుందో చూడండి.

ఇప్పుడు నెమలి సంగతి. నేను పాఠం చెప్పే చోట ప్రతి ఏడూ ఈ వాక్యం వస్తుంది, మేఘాలను చూసి నెమలి నాట్యం చేస్తుంది. నెమలి ఆడుతుంది అని రాసినా బాగానే ఉంటుంది, కానీ పుస్తకాల తెలుగు దానికి నాట్యమే ఇస్తుంది. నెమలి చిందులేసింది అని రాసినవాణ్ని ఇంతవరకు చూడలేదు. అలలు కూడా నాట్యం చేస్తాయి. దీపం వెలుగు నాట్యం చేస్తుంది. చిరునవ్వు పెదవుల మీద నాట్యమాడుతుంది. తెలుగులో నాట్యం అంత ఉదారంగా పంచే సరుకు. పిట్టకిచ్చారు, నీళ్లకిచ్చారు, మంటకిచ్చారు. ఆ పిట్ట రాల్చిన ఈకలు ఏరి, ఏళ్ల తరబడి దాచి, ఒక్కొక్కటీ కట్టి తలకు పెట్టుకున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయింది.

ఆ టోపీని మనవాళ్లు మల్‌బూర అంటారు. అందులో వందల ఈకలుంటాయి. కింద వంటికి బూడిద పూత, మెడలో పూసల పేర్లు, భుజాన తోలు, నడుముకీ కాళ్లకీ గజ్జెలు. చిందడం అంటే అదుపు తప్పడం అనుకున్నాం కదా, ఆ టోపీ పెట్టుకున్నవాడు అదుపు తప్పితే టోపీ నిలవదు. అందుకని తల ఒక తీరుగా ఊగాలి, ఈకలన్నీ ఒకేసారి ఒక పక్కకు వాలి ఒకేసారి లేవాలి. అడుగు చిన్నదిగా పడుతుంది. మోకాలు కొంచెం వంగే ఉంటుంది. డప్పు, గుమేల వరస మారిందంటే అడుగు మారుతుంది, మారకపోతే పక్కవాడి గజ్జెతో కలవదు. చిన్నప్పుడు మా మామ వెనక నిలబడి ఆడబోయి రెండుసార్లు వరస తప్పాను. మూడోసారి ఆయన వెనక్కి తిరగకుండానే కర్రతో నా మోకాలు తాకించాడు. ఎవరు తప్పారో చూడాల్సిన పనిలేదు, చప్పుడులో తెలుస్తుంది. ఇంత లెక్క ఉన్న చోట చిందులు అన్న మాటకు తావెక్కడిది?

ఈ మాటే మా ఊరి పెద్దమనిషి ఒకాయన దగ్గర అంటే ఆయన నవ్వాడు. "సారూ, గుస్సాడీ ఉరికొస్తడు, పోరగాండ్లను బెదిరిస్తడు, ఆడోళ్లను నవ్విస్తడు, దుంకుతడు, ఎగురుతడు. అది గూడ ఉన్నది గద. ఎగిరితె ఎగిరిండనే రాయి. నువ్వు ఒక్క లెక్కనే పట్టుకున్నవ్" అన్నాడు. ఆయన అన్నది నిజం. దండారి అంటే కొలిచి కోసిన గీత కాదు. అల్లరి ఉంది, నవ్వు ఉంది, ఒళ్లు మరిచే ఊపు ఉంది. అది తీసేసి ఒట్టి భక్తిగా, శిస్తుగా చూపిస్తే అదీ అబద్ధమే. తెలంగాణ మాటలో ఎగురుడు అంటే ఆడుడు అని కూడా అర్థం. బారాత్‌లో పెండ్లికొడుకు దోస్తులు ఎగురుతారు, ఎవరికీ నామోషీ లేదు. ఆ ఎగురుడు మన ఎగురుడు పక్కన పెడితే నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే అధికారి ఆడినా 'ఎగిరిండు' అనే అంటారు. ఆ మాట అందరికీ ఒక్కటే.

నా పేచీ ఊపు ఉన్న మాటతో కాదు. పంపకంతో. 'కాలు కదిపారు' అన్న మాటను చూడండి. అందులో ఎంత పొదుపు, ఎంత మర్యాద! పెద్దమనిషి తన స్థాయి నుంచి కొంచెం దిగి, ఒక్క కాలు, అదీ కదిపారు అంతే. అంత చిన్న పని వార్త. 'అడుగులు కలిపారు' అనేది ఇంకొకటి. ఆయన కలపకపోతే అడుగులకు కొరత వచ్చినట్టు. ఇటుపక్క ఊరు విడిచి, స్నానం విడిచి, ఊరూరా తిరిగి కాళ్లు వాచేలా ఆడినవాళ్లకు మిగిలింది చిందులు. పోనీ చివర '-శారు' ఉంది కదా, గౌరవమే కదా అని ఒక మిత్రుడు అన్నాడు. దొంగలు పారిపోయారు అన్నప్పుడు కూడా '-పోయారు' ఉంటుంది.

మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీకి పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలు మంచి తెలుగే రాశాయి. కళ అన్నారు, గురువు అన్నారు, నృత్యం అన్నారు. సంతోషించాను. ఆయన 2024లో పోయినప్పుడూ అలాగే రాశారు. అంటే మాట తెలియక కాదు. బిరుదు వచ్చిన ఒక్కరికి నృత్యం, ఆయన నేర్పిన అడుగే వేసే ఊరందరికీ చిందులు. ఒకరి పేరు ముందు గురువు అని రాసి, ఆయన శిష్యులు చేసేదాన్ని చిందులంటే ఆయన నేర్పింది ఏమిటి?

మన రచయితల మీదికి వస్తాను. మనలో కొందరు ఇప్పుడు పట్టుబట్టి 'గుస్సాడీ నృత్య ప్రదర్శన' అని రాస్తున్నారు. పై మాటకు మందు అనుకుని వాడుతున్నారు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో వేదిక ఎక్కితే అది సరైన మాటే, అక్కడ చూసేవాళ్లు కుర్చీల్లో ఉంటారు, అది ప్రదర్శనే. ఊళ్లో దండారికి ప్రదర్శన ఎక్కడిది? ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి చుట్టాలై వస్తారు. కాళ్లు కడుగుతారు, రాంరాం చెప్పుకుంటారు, అన్నం పెడతారు, తెల్లారేదాకా రెండు ఊళ్లూ కలిసి ఆడతాయి. సంబంధాలు మాట్లాడుకుంటారు. చూసేవాడు ఆడేవాడవుతాడు, ఆడేవాడు అలసి చూసేవాడవుతాడు. చిందులు అన్నప్పుడు మనల్ని లెక్కలేనివాళ్లను చేశారు, ప్రదర్శన అన్నప్పుడు మనమే మనల్ని చూపుడు సరుకు చేసుకుంటున్నాం. ఈ రెండో తప్పు మర్యాదగా ఉంటుంది కాబట్టి దొరకదు.

ఇంకొకటి, మన కవితల్లో అడవి చిందులేస్తుంది, వాగు చిందులేస్తుంది, జింకపిల్ల చిందులేస్తుంది. బయటివాళ్లు రాసిన కథల్లో ఆదివాసీ పిల్ల వస్తే కులుకుతూ నడుస్తుంది, నెత్తిన కట్టెలమోపు ఉన్నా కులుకుతుంది. మోపు ఎత్తినవాళ్లకు తెలుసు, ఆ నడక బరువు నడక అని. వాటిని చూసి చూసి మనమూ అదే తెలుగు నేర్చుకున్నాం. పన్నెండేళ్ల కింద బడి వార్షికోత్సవానికి పిల్లల కోసం నేనొక పాట కట్టాను. అందులో గుస్సాడీ వచ్చాడు, చిందులు వచ్చాయి, ప్రాస కుదిరిందని మురిసిపోయాను. పిల్లలు రెండేళ్లు పాడారు. గోడ మీది ముక్కనే తప్పుపట్టడం నాకు చెల్లదు.

అయితే ఏం రాయాలి? మన మాటలోకి ఒకసారి వెళ్లి చూద్దాం. గోండిలో రెండు క్రియలున్నాయి. కర్సానా అంటే పిల్లలు ఆటలాడటం. ఏందానా అంటే దండారిలో ఆడటం, పెళ్లిలో ఆడటం. రెండూ కలవవు. తెలుగులో రెండింటికీ ఒకటే, ఆడు. గోళీలూ ఆడతారు, కోలాటమూ ఆడతారు. గోండి నుంచి తెలుగులోకి వచ్చే పిల్లకు ఇక్కడ చిన్న తికమక ఉంటుంది. నాన్న ఆడాడు అని రాస్తే గోళీలాడినట్టు అనిపిస్తుంది. అందుకే ఇంకో మాట వెతుక్కుంటుంది. మా పాప గోడ మీద వెతుక్కుంది. అక్కడ ఏ మాట దొరికితే ఆ మాట తీసుకుంది. పిల్లలకు రెండో భాష చెప్పేవాళ్లు ఈ చోటు చూసుకోవాలి. ఒక మాటకు మన మాటలు రెండున్న చోట పిల్ల ఆగుతుంది. ఆగిన చోట మనం మాట అందించకపోతే గోడ అందిస్తుంది. టీచర్ ట్రైనింగ్‌లో పాఠ్యప్రణాళికలు, బోధనోపకరణాలు చాలా రాశాం. ఈ ఆగిన చోటు గురించి ఎవరూ చెప్పలేదు.

నాకు మాత్రం 'ఆడు' చాలు అనిపిస్తుంది. నృత్యం కన్నా ఇదే మంచిది. తెలుగువాళ్లు తమకు ప్రేమైన ఆటకు వాడుకునే మాట ఇదే. బతుకమ్మ ఆడతారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, పట్నంలో పెద్ద పెద్ద మైదానాల్లో జరిగింది, అయినా క్రియ మారలేదు, ఆడారు అనే రాశారు. ఆడపడుచులు బతుకమ్మ చుట్టూ చిందులేశారని రాసి చూడండి, మర్నాడు పత్రిక ఆఫీసు ముందు జనం ఉంటారు. బతుకమ్మా వలయమే, దండారీ వలయమే. మా పక్క ఊళ్లలోని తెలుగు రైతులు మనల్ని చూసి 'దండారి ఆడుతున్నరు' అనే అంటారు. వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇక ఈకాలం పిల్లలు 'డాన్స్ చేసిండ్రు' అంటారు, అదీ ఒక దారే, ఇంగ్లీషులో రాజైనా రైతైనా చేసేది డాన్సే.

ఆ పాపను పిలిచి పుస్తకం ఇచ్చాను. ఎర్ర గీత గీయలేదు. "మీ ఇంట్ల ఏమంటరు?" అని గోండిలో అడిగాను. 'ఏందానా' అంది వెంటనే. అది తెలుగులో ఎలా రాస్తావంటే తల దించుకుని కాసేపు పెన్ను నమిలింది. 'ఆడారు' అని బోర్డు మీద రాశాను. పక్కన బతుకమ్మ అని రాశాను. అర్థమైంది. చిందులు వేశారు అన్నది కొట్టేసి, పైన సన్నటి అక్షరాలతో 'ఆడారు' అని రాసుకుంది. ఇంకో వాక్యం కూడా కలిపింది, "మా నాన్న కూడా ఆడాడు."

బెంచీ దాకా వెళ్లి మళ్లీ వచ్చింది. గోడ వైపు చూస్తూ అడిగింది.

"సార్, మరి ఆ తెల్లచొక్కా సారు గూడ ఆడిండని రాయాల్నా?"

"మంచిగ ఆడిండా?"

బొమ్మ దగ్గరికి వెళ్లి మడమలెత్తి నిలబడి ఆయన కాళ్లను చూసి వచ్చింది.

"వరస తప్పిండు సార్."